ఆఫీసు కంప్యూటర్లు, లాగిన్లు, బ్యాకప్‌లపై కన్నేసి ఉంచడం ఎలా?

"సిస్టమ్స్ పర్యవేక్షణ కూడా మీరే చూసుకోండి అని ఉత్తర్వు చేతికిచ్చారు. నేను బీకాం చదివాను. కంప్యూటర్ విప్పడం కూడా తెలియదు. రోజూ ఏమి చూడాలి, ఏమి రాయాలి?" విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి నాకు ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. మండల కార్యాలయంలోని సీనియర్ సహాయకులు అడుగుతారు, రాజాంలో కళాశాల ఆఫీసు చూసేవారు అడుగుతారు, పలాసలో జీడిపప్పు వ్యాపారుల దగ్గర లెక్కలు రాసేవారు అడుగుతారు. అందరికీ పనికొచ్చేలా ఒకచోట రాస్తున్నాను.

బాగుచేయడం టెక్నీషియన్ పని. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు ఎలా ఉంటాయో తెలుసుకోవడం, రోజూ చూడటం, తేడా కనిపిస్తే తేదీ, సమయం వేసి రాయడం, సరైన మనిషికి చెప్పి అది పూర్తయ్యేదాకా వెంటపడటం మీ పని. ఫైలు నడపడం తెలిసినవారికి ఇది చేతకానిది కాదు. మంచి గుమాస్తాలే ఈ పని అందరికంటే బాగా చేస్తారని నా నమ్మకం. రాసిపెట్టే అలవాటు వారికే ఉంటుంది.

విండోస్ కంప్యూటర్లు పాతిక లోపు ఉన్న ఆఫీసును దృష్టిలో పెట్టుకుని ఇదంతా రాస్తున్నాను.

కావలసినవి

- పేజీలకు నంబర్లు వేసిన పొడవాటి రిజిస్టరు ఒకటి. ఎక్సెల్ షీటు కూడా పెట్టుకోవచ్చు. కానీ కరెంటు లేని రోజు, వైరస్ పట్టిన రోజు చేతికి అందేది పుస్తకమే. అందుకే మొదటి స్థానం దానికి ఇవ్వండి.
- బయటి హార్డ్ డిస్కులు రెండు. ఒక్కటి చాలదు. ఎందుకో బ్యాకప్ (ఫైళ్ల అదనపు ప్రతి) దగ్గర చెబుతాను.
- అంటించే లేబుళ్లు, చెరగని సిరా పెన్ను.
- కాగితం మీద రాసిన ఫోను నంబర్ల జాబితా: విద్యుత్ ఫిర్యాదులకు 1912, సైబర్ మోసాలకు 1930, ఇంటర్నెట్ ఇచ్చేవారు, నిర్వహణ ఒప్పందం ఉన్న టెక్నీషియన్, మీరు వాడే ప్రతి పోర్టల్ సహాయ కేంద్రం.
- ఈ పని మీకు అప్పగించినట్లు అధికారి సంతకంతో కాగితం. నోటిమాట మీద మొదలుపెట్టకండి. ఇతరుల కంప్యూటర్లు తెరిచి చూసే పని ఇది. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే ఆ కాగితమే మీకు అండ.
- ఉదయం ఒక పావుగంట, వారానికి ఒక గంట.

అడుగు 1: ఏమేమి ఉన్నాయో రాయండి

ప్రతి కంప్యూటర్‌కు, ప్రింటర్‌కు, యూపీఎస్‌కు, రౌటర్‌కు ఒక నంబరు ఇచ్చి లేబుల్ అంటించండి. రిజిస్టరులో ఒక్కోదానికి ఒక్కో వరుస: ఎక్కడ ఉంది, ఎవరు వాడుతున్నారు, ఏ సంవత్సరం కొన్నారు, వారంటీ ఎప్పటిదాకా, విండోస్ ఏది.

చివరి గడిని ఖాళీగా వదలకండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా అదే నడుస్తున్న యంత్రాల పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టి, ఆ జాబితాను విడిగా అధికారికి ఇవ్వండి. కొత్తవి కొనడానికి బడ్జెట్ అడిగేటప్పుడు మీకు అదే ఆధారం.

తరువాత లాగిన్ల జాబితా. పోర్టల్ పేరు, లాగిన్ ఎవరి పేరు మీద ఉంది, ఓటీపీ ఏ ఫోనుకు వస్తుంది, డిజిటల్ సంతకం టోకెన్ (కంప్యూటర్‌కు తగిలించి సంతకం చేసే చిన్న యూఎస్‌బీ పరికరం) ఉంటే దాని గడువు ఏ తేదీ. పాస్‌వర్డులు మాత్రం ఈ పుస్తకంలో ఎట్టి పరిస్థితుల్లోనూ రాయకండి.

అడుగు 2: మామూలు అంటే ఏమిటో కొలవండి

ఒక వారం పాటు ఏ మార్పూ చేయకుండా చూసి రాయండి. మీట నొక్కాక కంప్యూటర్ సిద్ధం కావడానికి ఎంత సమయం పడుతోంది? సి డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉంది? రౌటర్ మీద ఏ దీపాలు వెలుగుతున్నాయి? వాటిని ఫోనుతో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. కెమెరాల రికార్డింగు ఎన్ని రోజుల వెనక్కి దొరుకుతోంది?

యూపీఎస్ కొలత కాస్త జాగ్రత్తగా చేయాలి. పనులన్నీ సేవ్ చేయించి, కంప్యూటర్‌ను మామూలుగా నడవనిచ్చి, యూపీఎస్ ప్లగ్గు గోడ నుంచి తీయండి. ఎన్ని నిమిషాలు నిలబడిందో చూడండి. బీప్ గబగబా మొదలైతే కంప్యూటర్‌ను సవ్యంగా ఆపేయండి, పూర్తిగా పడిపోయేదాకా ఆగవద్దు. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు తగిలించి ఉంటే ముందే తీసేయండి. వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటు చిన్న యూపీఎస్ మోయలేదు. యూపీఎస్ మూత విప్పడం మీ పని కాదు. బ్యాటరీ ఉబ్బినట్లు కనిపించినా, వాసన వచ్చినా ఆపి టెక్నీషియన్‌ను పిలవండి.

ఈ వారం కొలతలు లేకపోతే "నెమ్మదిగా ఉందండి" అనే మాట ఒక అభిప్రాయంగానే మిగిలిపోతుంది. "పోయిన నెల ఒక నిమిషంలో తెరుచుకునేది, ఇప్పుడు ఆరు నిమిషాలు" అన్నప్పుడే టెక్నీషియన్ కూడా కదులుతాడు.

అడుగు 3: ఉదయం పావుగంట

ఆఫీసు సమయానికి ముందే చేయండి. సోమవారం మరీ ముఖ్యం. ప్రభుత్వ కార్యాలయాల్లో ఆ రోజు ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అర్జీదారులు ఎక్కడెక్కడి నుంచో పొద్దున్నే బస్సెక్కి వస్తారు. అర్జీ నమోదు చేసే కంప్యూటర్ ఆ వేళకు తెరుచుకోకపోతే నష్టం వారిది.

వరుస ఇలా పెట్టుకోండి: కరెంటు, యూపీఎస్ దీపాలు, రౌటర్ దీపాలు, ప్రధాన కంప్యూటర్ తెరిచి సి డ్రైవ్ ఖాళీ, నిన్నటి బ్యాకప్ ఫైలు తేదీ, దాని పరిమాణం, రోజూ వాడే ఒక పోర్టల్, హాజరు యంత్రం గడియారం, కెమెరా యంత్రం గడియారం. ప్రతిరోజూ ఇదే వరుస పాటిస్తే ఏదీ మరుపున పడదు.

రిజిస్టరులో ఒక రోజు నమోదు ఇలా ఉంటే సరిపోతుంది:

"14వ తేదీ, ఉదయం 9.50. కరెంటు ఉంది. యూపీఎస్‌లు అన్నీ పచ్చ దీపం. ఇంటర్నెట్ వస్తోంది. ప్రధాన కంప్యూటర్ సి డ్రైవ్ ఖాళీ 61 జీబీ. నిన్నటి బ్యాకప్ సాయంత్రం 5.40, పరిమాణం 4.2 జీబీ. కెమెరా 3లో చిత్రం లేదు. టెక్నీషియన్‌కు 10.05కి ఫోను చేశాను, రేపు వస్తామన్నారు. సంతకం."

"అన్నీ బాగున్నాయి" అని రాసే రిజిస్టరు వల్ల ప్రయోజనం లేదు. కొలత రాయండి, సమయం రాయండి. వారం రోజులవి ఒకేసారి కూర్చుని నింపే అలవాటు కొన్ని ఆఫీసుల్లో చూశాను. దానికంటే రాయకపోవడమే నయం, తప్పు నమోదు రేపు విచారణలో మీ మెడకే చుట్టుకుంటుంది.

సి డ్రైవ్ ఖాళీ అయిదో వంతు కంటే తగ్గితే గుర్తు పెట్టండి, పదో వంతుకు వస్తే వెంటనే కదలండి. స్థలాన్ని ఎక్కువగా తినేవి రెండే: వాట్సాప్ నుంచి దిగిన వీడియోలు, అవసరానికి మించిన నాణ్యతతో స్కాన్ చేసిన కాగితాలు. మామూలు ఉత్తరాలకు 200 నుంచి 300 డీపీఐ (స్కాన్ నాణ్యత కొలత) చాలు. వాటిని తొలగించే ముందు ఆ కంప్యూటర్ వాడేవారిని అడగండి.

గడియారాలను ఎందుకు చూడమంటున్నానో చెప్పాలి. హాజరు యంత్రం ఏడు నిమిషాలు ముందుంటే సమయానికి వచ్చినవారికి ఆలస్యం పడుతుంది. కెమెరా గడియారం తప్పితే దొంగతనం జరిగిన రోజు ఆ రికార్డింగు మీద వాదనలు లేస్తాయి. కంప్యూటర్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, సమయం ఉన్న పేజీలో సింక్ నొక్కితే సరిపోతుంది. రోజూ తేదీ వెనక్కి పోతున్న కంప్యూటర్ ఉంటే లోపల నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు, టెక్నీషియన్‌తో మార్పించండి.

అడుగు 4: "సర్వర్ డౌన్" అన్నప్పుడు

ఆఫీసుల్లో ఎక్కువగా వినిపించే మాట ఇదే, ఎక్కువసార్లు తప్పుగా వాడే మాటా ఇదే. కింది వరుసలో చూడండి. ఎక్కడ ఆగితే తప్పు అక్కడ ఉంది.

1. ఆ ఒక్క కంప్యూటర్‌లోనేనా, అన్నిటిలోనా? ఒక్కదానిలోనే అయితే వైరు వదులైందేమో, తేదీ తప్పిందేమో చూడండి. తేదీ తప్పితే "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అనే హెచ్చరిక దాదాపు ప్రతి సైటుకూ వస్తుంది.
2. వేరే సైటు ఏదైనా తెరుచుకుంటోందా? తెరుచుకుంటే మీ ఇంటర్నెట్ బాగానే ఉంది.
3. మీ ఫోనులో వైఫై ఆపి, మొబైల్ డేటాతో అదే పోర్టల్ తెరవండి. అక్కడా రాకపోతే ఇబ్బంది పోర్టల్ వైపు. సహాయ కేంద్రానికి ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. ఆఫీసు నెట్‌వర్కులో మాత్రమే తెరుచుకునే పోర్టళ్లకు ఈ పరీక్ష పనికిరాదు.
4. ఏ సైటూ రాకపోతే రౌటర్ దీపాలను ముందు తీసిన ఫొటోతో పోల్చండి. రౌటర్ ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేయండి. ఒక్కసారి చాలు. అయిదారుసార్లు ఆపి వేస్తే అసలు కారణం ఏమిటో ఎవరికీ తెలియకుండా పోతుంది.
5. అప్పటికీ రాకపోతే ఇంటర్నెట్ సంస్థకు ఫోను. ఏ దీపం ఏ రంగులో ఉందో చెప్పండి.

కొంచెం తెలిసినవారు కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అని ఇంగ్లిషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి 8.8.8.8 రాసి చూడవచ్చు. జవాబులు వస్తే లైను బాగున్నట్లు. జవాబు రాకపోతే మాత్రం లైను పోయిందని ఆ ఒక్క ఆధారంతో తేల్చకండి, కొన్ని నెట్‌వర్కులు పింగ్‌ను అడ్డుకుంటాయి.

సమస్య ఎన్ని గంటలకు మొదలైంది, ఎన్ని గంటలకు తీరింది, ఈ రెండు సమయాలు రాయడం మరచిపోకండి. నెలాఖరుకు ఆ గంటలన్నీ కూడితే ఇంటర్నెట్ బిల్లు చెల్లించేటప్పుడు మాట్లాడటానికి ఆధారం దొరుకుతుంది.

అడుగు 5: శుక్రవారం గంట

ముందు తేలికైన దారి. స్టార్టు మెనూలో రిలయబిలిటీ అని ఇంగ్లిషులో వెతికితే ఒక చిత్రపటం వస్తుంది. ఏ రోజు ఏమి విఫలమైందో ఎర్ర గుర్తులతో చూపిస్తుంది. మొదటి నెల ఇది చాలు.

చేయి తిరిగాక ఈవెంట్ వ్యూయర్ తెరవండి. కంప్యూటర్ తనలో జరిగినవి రాసుకునే లాగ్‌లను (చిట్టాలను) చూపేది ఇదే. విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లోకి వెళ్లి, కుడివైపు ఫిల్టర్ నొక్కి, ఈ సంఖ్యలు ఒక్కొక్కటే ఇచ్చి చూడండి.

6008, 41: కంప్యూటర్ సవ్యంగా ఆగకుండా హఠాత్తుగా పడిపోయింది. 6008 సందేశంలో రాసి ఉండే పడిపోయిన సమయం అన్ని కంప్యూటర్లలోనూ ఒకటే అయితే ఆ వేళ కరెంటు పోయి, ఏ యూపీఎస్సూ నిలబడలేదన్న మాట. ఒక్కదానిలోనే ఉంటే ఆ యూపీఎస్‌ను అనుమానించండి, లేదా సాయంత్రం ఎవరో నేరుగా గోడ స్విచ్ ఆపేసి వెళ్తున్నారు.

7, సోర్స్ గడిలో డిస్క్ అని ఉంటే: హార్డ్ డిస్కులో చెడిన భాగం ఉంది. ఇది కనిపించిన రోజు మిగతా పనులు పక్కన పెట్టి ఆ కంప్యూటర్ బ్యాకప్ తీయించండి. డిస్కు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు.

4625, ఇది సెక్యూరిటీ లాగ్‌లో ఉంటుంది: తప్పు పాస్‌వర్డుతో లోపలికి వచ్చే ప్రయత్నం. నిర్వాహకుడి అనుమతి ఉంటేనే ఈ లాగ్ తెరుచుకుంటుంది. ఉదయం ఒకటి రెండు ఉంటే మరుపు. రాత్రి రెండు గంటలకు వరుసగా ఉంటే వెంటనే చెప్పండి. అసలు ఒక్కటీ లేకపోతే సంతోషపడే ముందు ఒక పరీక్ష చేయండి: కావాలని ఒకసారి తప్పు పాస్‌వర్డు కొట్టి, లోపలికి వెళ్లి చూడండి. ఆ ప్రయత్నం నమోదు కాకపోతే ఆ యంత్రంలో విఫల ప్రయత్నాలను రాసే ఏర్పాటే ఆగి ఉంది. టెక్నీషియన్‌తో పెట్టించండి.

ఈ లాగ్‌లు నిండగానే పాతవి చెరిగి కొత్తవి పడతాయి. సైబర్ భద్రతను చూసే జాతీయ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు లాగ్‌లను 180 రోజులు ఉంచాలని చెబుతున్నాయి. అవి ప్రభుత్వ సంస్థలకూ, కంపెనీలకూ వర్తిస్తాయి. లాగ్ పరిమాణం పెంచమని టెక్నీషియన్‌కు చెప్పండి, నెలాఖరున ఒక ప్రతి సేవ్ చేసుకోండి.

అదే గంటలో విండోస్ అప్‌డేట్ చివరగా ఏ తేదీన జరిగింది, యాంటీవైరస్ తాజాగా ఉందా అన్నవి కూడా చూసి రాయండి.

అడుగు 6: బ్యాకప్

మిగతావన్నీ చేయలేకపోయినా ఇది మాత్రం వదలకండి. పాత కంప్యూటర్ పోతే కొత్తది కొంటారు. పదేళ్ల జీతాల లెక్క, విద్యార్థుల రికార్డు, అర్జీల వివరాలు పోతే ఏ దుకాణంలోనూ దొరకవు.

మూడు ప్రతులు ఉండాలి: కంప్యూటర్‌లో అసలు, ఆఫీసులో ఒక డిస్కు, ఆఫీసు బయట మరో డిస్కు. డిస్కులకు ఎ, బి అని పేర్లు పెట్టండి. ఈ వారం ఎ ఆఫీసులో ఉంటే బి బయట ఉండాలి. శుక్రవారం మార్చండి. బయట అంటే మరో భవనంలోని తాళం ఉన్న బీరువా లేదా బ్యాంకు లాకరు. ఎవరి ఇంట్లోనో పెట్టాలంటే అధికారి రాతపూర్వక అనుమతి తీసుకోండి, డిస్కుకు పాస్‌వర్డు పెట్టించండి.

చాలామంది చేసే పొరపాట్లు:

డిస్కును ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచడం. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వస్తే తగిలించి ఉన్న డిస్కునూ వదలదు. బ్యాకప్ అవగానే తీసేయండి.

గూగుల్ డ్రైవ్‌లో ఉంది కదా అనుకోవడం. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది, చెత్తబుట్టలో 30 రోజులే ఉంటుంది. పైగా ప్రభుత్వ దస్త్రాలను సొంత ఖాతాలో పెట్టడం తప్పు.

డెస్క్‌టాప్ మీదున్న ఫైళ్లను వదిలేయడం. డి డ్రైవ్‌కు మాత్రమే బ్యాకప్ పెట్టి ఉంటారు, సిబ్బంది పనంతా డెస్క్‌టాప్ మీద ఉంటుంది.

తీసిన బ్యాకప్‌ను ఎన్నడూ తెరిచి చూడకపోవడం. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే.

అందుకే నెలకొకసారి ఈ పరీక్ష చేయండి. నిన్న మార్పు జరిగిన ఒక ఫైలును ఎంచుకోండి. డిస్కు నుంచి దాన్ని వేరే కంప్యూటర్‌లో 'పరీక్ష' అనే కొత్త ఫోల్డరులోకి తెచ్చుకోండి. తెరవండి. చివరి వరుస నిన్నటిదేనా చూడండి. మొత్తం అంకెను నిన్న ముద్రించిన కాగితంతో సరిపోల్చండి. సరిపోతేనే బ్యాకప్ ఉన్నట్లు. ట్యాలీ వాడేవారు రిస్టోర్ చేసేటప్పుడు (బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకునేటప్పుడు) మరీ జాగ్రత్త: అసలు కంపెనీ డేటా ఉన్న ఫోల్డరు మీదకు ఎప్పుడూ రిస్టోర్ చేయకండి, పాత లెక్క వచ్చి కొత్తది తుడిచిపెట్టుకుపోతుంది. వేరే ఫోల్డరు చూపించండి.

పరిమాణం కూడా మాట్లాడుతుంది. రోజూ పని జరుగుతున్నా మూడు రోజులుగా బ్యాకప్ పరిమాణం కొంచెం కూడా మారలేదంటే పాత ఫోల్డరు కాపీ అవుతోందేమో చూడండి. ఒక్కసారిగా సగమైతే ఏదో వదిలేసింది.

ఒక ఉదయం ఫైళ్ల పేర్ల చివర వింత అక్షరాలు కనిపించి, ఏదీ తెరుచుకోకపోతే: నెట్‌వర్కు వైరు లాగేయండి, వైఫై ఆపండి. బ్యాకప్ డిస్కును దగ్గరకు కూడా తీసుకురావద్దు. తెర ఫొటో తీయండి. ఏదీ చెరపకండి, కంప్యూటర్ ఆపాలో వద్దో టెక్నీషియన్‌ను అడిగి చేయండి. అధికారికి ఆ నిమిషమే చెప్పండి. సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనను గుర్తించిన 6 గంటల లోపు వారికి తెలియజేయాలి. అందుకే మీరు చూసిన సమయాన్ని గడియారం చూసి రాయాలి. డబ్బు పోయిన మోసమైతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.

అడుగు 7: ఎవరి దగ్గర ఏ తాళం ఉంది?

బదిలీల కాలంలో ఈ పని పెరుగుతుంది. మనిషి కొత్త ఊరికి వెళ్లిపోతారు, లాగిన్ మాత్రం పాత ఆఫీసులోనే ఉండిపోతుంది. దాని పాస్‌వర్డు మరో ముగ్గురికి తెలిసి ఉంటుంది. ఏదైనా తప్పు జరిగితే వెళ్లిపోయినవారి పేరు మీద పడుతుంది. ఇది వారికి అన్యాయం.

నెలకొకసారి హాజరు పట్టీ పక్కన లాగిన్ల జాబితా పెట్టి ఒక్కో పేరూ సరిచూడండి. హాజరు పట్టీలో లేని పేరు లాగిన్ జాబితాలో ఉంటే దాన్ని మూయించమని రాతపూర్వకంగా అడగండి. రిలీవింగ్ ఉత్తర్వు ఇచ్చే ముందు లాగిన్ అప్పగింత కాగితం ఉండాలన్న పద్ధతి పెట్టించగలిగితే సగం పని తగ్గుతుంది.

ఓటీపీ ఫోను సంగతి చాలామంది మరచిపోతారు. పదవీ విరమణ చేసినవారి సొంత నంబరుకు ఇంకా ఆఫీసు ఓటీపీలు వెళ్తూ ఉంటాయి, వారికి ఫోను చేసి "సార్, ఓటీపీ వచ్చిందా?" అని అడిగి పని నడిపిస్తారు. వారి ఫోను కలవని రోజున బిల్లు ఆగిపోతుంది. మనిషి ఆఫీసులో ఉండగానే నంబరు మార్పించండి.

డిజిటల్ సంతకం టోకెన్ గడువుకు నెలన్నర ముందే అధికారికి గుర్తు చేయండి. టోకెన్ సొంతదారు దగ్గరే ఉండాలి. పిన్ రాసిన చీటీతో కలిపి గుమాస్తా సొరుగులో ఉంచడం ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇచ్చినట్లే. అధికారి అడిగినా వినయంగా వద్దని చెప్పండి: "గడువు తేదీలు నేను చూసుకుంటానండి, టోకెన్ మాత్రం మీ దగ్గరే ఉంచండి."

ఇంకొక విన్నపం. పర్యవేక్షణ పేరుతో తోటి ఉద్యోగుల తెరలను రహస్యంగా చూసే ఉచిత సాఫ్ట్‌వేర్లు వేయకండి. అవి స్వయంగా ప్రమాదం తెచ్చేవి కావచ్చు, ఆఫీసులో నమ్మకాన్ని కూడా పోగొడతాయి. మీరు చూడాల్సినవి యంత్రాలు, లాగిన్లు, లెక్కలు. ఏమేమి చూస్తున్నారో ముందే అందరికీ చెప్పి చేయండి.

అడుగు 8: అంకెలు నిజమేనా?

కంప్యూటర్ బాగుంది, పోర్టల్ తెరుచుకుంది, నివేదిక వచ్చింది. కానీ అందులోని అంకె తప్పు. ఇది కూడా మీ పర్యవేక్షణలోకే వస్తుంది.

మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే తప్పు మండలాల జాబితాది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు వచ్చాయి. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి. పాత ఎక్సెల్ షీట్లలో జాబితా ఇంకా మారలేదు. 2021 అంకెను ఇప్పటి అంకెతో పోల్చి "శ్రీకాకుళంలో తగ్గింది" అని నివేదిక పైకి వెళ్తే అది తప్పుడు సమాచారం. ప్రతి షీటులో మండలాల జాబితా ఏ తేదీదో పైన రాయించండి.

ఊరి పేర్లు నాలుగు రకాలుగా టైపు చేయడం, అను ఫాంట్లలో (డీటీపీకి వాడే పాత తెలుగు అక్షరాల్లో) ఉన్న పాత జాబితాలు ఇప్పటి యూనికోడ్ తెలుగులో వెతికితే దొరకకపోవడం కూడా ఇలాంటివే. వారానికి ఒకసారి ఏవైనా పది నమోదులు ఎంచుకుని అసలు కాగితంతో పోల్చండి. రెండు తప్పులు దొరికితే మరో యాభై చూడండి.

అడుగు 9: తుపాను ముందు

హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న, గులాబ్ 2021 సెప్టెంబరు 26న తీరం దాటాయి. మూడూ సెప్టెంబరు చివరికీ అక్టోబరు మధ్యకీ నడుమనే. దసరా సెలవులు, విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం ఆ రోజుల్లోనే వచ్చి ఆఫీసులు తాళం వేసి ఉంటాయి. కాబట్టి సెప్టెంబరు మొదటి పక్షంలోనే యూపీఎస్ పరీక్ష, బ్యాకప్ రిస్టోర్ పరీక్ష రెండూ ముగించండి.

హెచ్చరిక వచ్చిన రోజు: రెండు డిస్కులకూ బ్యాకప్ తీయండి, ఒకదాన్ని వేరే ఊరిలోని మీ శాఖ కార్యాలయానికి పంపండి. తిత్లీ తరువాత ఉద్దానంలో స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేదు. ఒకే ఊరిలో రెండు డిస్కులూ ఉంటే లాభం లేదు. నేల మీది సీపీయూలు, యూపీఎస్‌లు బల్లల పైకి, కిటికీలకు దూరంగా. ప్లగ్గులు, ఇంటర్నెట్ వైరు తీసేయండి. ముఖ్యమైన జాబితాలు ముద్రించి ప్లాస్టిక్ సంచిలో పెట్టండి.

కరెంటు తిరిగి వచ్చాక వెంటనే వేయకండి. కరెంటు నిలకడగా ఉందా లేదా ముందు ఫ్యాను, లైటుతో చూసుకోండి. తడిసిన యంత్రాన్ని ఎండబెట్టి మీరే వేసి చూడాలనే ఆరాటం వద్దు, టెక్నీషియన్ విప్పి చూసేదాకా ఆగండి.

అడుగు 10: అధికారికి ఎలా చెప్పాలి

వారానికి ఒక కాగితం, ఒక్కో విషయానికి నాలుగు వాక్యాలు: ఏమి జరిగింది, ఎప్పటి నుంచి, దేనికి ఇబ్బంది, ఏమి కావాలి.

"గౌరవనీయులైన అధికారి గారికి. ఈ నెల 3వ తేదీ నుంచి యూపీఎస్-2 కరెంటు పోయిన 4 నిమిషాలకే ఆగిపోతోంది. జూన్‌లో కొలిచినప్పుడు 18 నిమిషాలు వచ్చింది. దీని మీద నగదు కౌంటరు నడుస్తోంది. బ్యాటరీ మార్చడానికి అనుమతి కోరుతున్నాను, ధరల పట్టిక జత చేశాను."

ప్రతి కాగితానికీ మీ దగ్గర నకలు ఉంచుకోండి. జవాబు రాకపోతే వచ్చే వారం కాగితంలో అదే విషయాన్ని పాత తేదీతో సహా మళ్లీ రాయండి.

పని సరిగా నడుస్తోందా? ఇలా చూసుకోండి

నెలాఖరున రిజిస్టరు తిరగేసి, ఒకే సమస్య మూడుసార్లు కనిపిస్తే దాన్ని విడిగా రాయండి. మూడుసార్లు బాగుచేసినా తిరిగి వస్తోందంటే అసలు కారణం ఇంకా దొరకలేదు.

సమస్యను ఎవరు ముందు చూశారో ప్రతి నమోదు పక్కన ఒక అక్షరం వేయండి: మీరైతే 'మ', వాడేవారు వచ్చి చెబితే 'వ'. మొదట్లో 'వ'లే ఎక్కువ ఉంటాయి. రెండు మూడు నెలల్లో 'మ'లు పెరగాలి. పెరగకపోతే ఉదయం వరుసలో ఏదో వదిలేస్తున్నారు. ఆ 'వ'లు ఏ యంత్రం మీద వచ్చాయో చూసి, ఆ యంత్రాన్ని వరుసలో చేర్చండి.

చివరి పరీక్ష మీరు సెలవు పెట్టిన రోజు జరుగుతుంది. పక్క సీటువారికి రిజిస్టరు, ఫోను జాబితా ఇచ్చి, ఒక్క మాట కూడా వివరించకుండా వెళ్లండి. తిరిగి వచ్చాక వారు ఎక్కడ ఆగిపోయారో, మీకు ఏ విషయానికి ఫోను చేశారో అడిగి తెలుసుకుని, ఆ విషయాన్ని రిజిస్టరు మొదటి పేజీలో రాసిపెట్టండి.